మన్యపు ఆరోగ్యమును లెక్కించిన చరిత్ర



అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండెడన్నమును పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. ఈ సంగతి మన యిండ్లలోని ఆడువారందఱికిని తెలిసినదే. శాస్త్రకారులు దీనికే స్థాలీపులాక న్యాయమని పేరు పెట్టిరి. స్థాలి యనగా వంటపాత్ర, పులాకమనగా మెతుకు. బాల్యమున గురువులకడ తర్కము చదువుకొనుచున్న దినములలో నేనీ న్యాయమును కంఠస్థము చేసితిని. కాని దానిలోని చిక్కును మాత్రము ముప్పదియేండ్ల ప్రాయము వచ్చిన పిమ్మట, అరకు ప్రాంతపు కొండలలో ఒక వృద్ధుడు నాకు తెలియజెప్పెను. ఆ సంగతి ప్రసంగము చివర మనవి చేసికొందును.

ప్రభుత్వమువారు అప్పుడప్పుడు ప్రకటించు ఆరోగ్యపు లెక్కలు మీరు పత్రికలలో చదువుచునే యుందురు. నూటికి ఇంతమంది స్త్రీలకు రక్తహీనత కలదనియు, నూటికి ఇంతమంది పిల్లలు వయసునకు తగిన యెత్తు ఎదుగలేదనియు వానిలో నుండును. అవి చదివి, "నన్నెవ్వరును అడుగలేదు, నా పొరుగువానిని అడుగలేదు, ఈ లెక్క యెక్కడనుండి వచ్చినది?" అని మీలో పలువురకు తోచియుండును. ఆ శంక న్యాయమైనదే. కొందఱిని మాత్రమే అడిగి అందఱి సంగతి చెప్పుట యెట్లు వచ్చినది? ఆ చెప్పుటలో మన మన్యపు కొండవారికి న్యాయము జరుగుచున్నదా లేదా? ఈ రెండు ప్రశ్నలకును చరిత్రనుండి సమాధానము వెదకుటయే నేటి నా ప్రయత్నము.

కొమ్మను చూచి చెట్టును లెక్కించు విద్య మన పెద్దలకు క్రొత్తది కాదు. భారతమున అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము మీరెఱిగినదే. ఋతుపర్ణ మహారాజు, బాహుకుడను పేర తనకు సారథియై యున్న నలునితో గూడ విదర్భకు పోవుచు, దారిలో నొక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులింత, కాయలింత యని చెప్పెను. నలుడు ఊరక నమ్మలేదు. రథమునాపి, దిగి, లెక్కించి చూచెను, రాజుమాట సరిపోయెను. ఇందు రాజు విద్య యెంత ముఖ్యమో, నలుని పరీక్షయు అంత ముఖ్యము. అంచనా వేయుట ఒక విద్య. ఆ అంచనాలో తప్పెంత యుండునో చూచుకొనుట మఱియొక విద్య. ఈ రెండవ విద్య పెరుగుటకు మాత్రము లోకమునకు చాలకాలము పట్టినది.

ఇక మన కొండల సంగతి. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున, గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చిట్టమొగొండి కొండల నడుమ నున్నది. ఆ లోయయందును దాని చుట్టుప్రక్కలను వాల్మీకులు, బగతలు, కొండదొరలు, కోందులు, పోర్జలు, గదబలు, కోటియలు మొదలగువారు నివసించుచున్నారు. 1839వ సంవత్సరపు 24వ చట్టముచేత కుంపిణీవారు గంజాము విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను మైదానపు కోర్టులనుండి వేఱుపఱచి, కలెక్టరునే గవర్నరుగారి ఏజెంటుగ నియమించి ఆయన చేతిక్రింద నుంచిరి. ఏజెన్సీ యను మాట మనకు అట్లు వచ్చినది. పరిపాలనలో కొండ వేఱు, మైదానము వేఱు అని అప్పుడే గీత గీసిరన్నమాట. ఆ గీతకు జ్వరమును ఒక కారణముగ నుండెను. మన్యపు జ్వరమన్న మైదానమువారికి గుండె జల్లుమనెడిది.

ఆ జ్వరము ఏ యూరిలో ఎంత యున్నదో తెలిసికొనుట యెట్లు? జ్వరము ఒకనాడు వచ్చును, ఒకనాడు పోవును. వైద్యుడు వెళ్లిననాడు ఊరివారందఱును లేచి తిరుగుచుండవచ్చును. ఈ చిక్కునకు ఉపాయము ఉత్తరహిందూస్థానమున దొరికినది. బేకరు, డెంప్స్టరు, యూలు అను ముగ్గురితో ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. యమునా కాలువల వలన ఆ ప్రక్క యూళ్ళలో జ్వరములు ప్రబలుచున్నవా యనునది ప్రశ్న. డెంప్స్టరు వైద్యుడు. పలుమాఱు చలిజ్వరము వచ్చినవారికి ఎడమప్రక్కటెముకల క్రింద ప్లీహము పెరిగి చేతికి తగులును. మనవారు దానినే కడుపులో బల్ల పెరిగినదందురు. డెంప్స్టరు కాలువదగ్గఱ యూళ్ళకును, దూరపు యూళ్ళకును పోయి, జనుల కడుపులు తడవి చూచి, నూటికి ఎందఱికి బల్ల యున్నదో వ్రాసికొనెను. జ్వరము పోయినను బల్ల నిలుచును. అది శరీరము వ్రాసిపెట్టుకొనిన దస్తావేజు వంటిది. మన దేశమున ఆరోగ్యమును అంకెలలో కొలిచిన తొలి పరిశీలనలలో నిది యొకటి.

ఈ పద్ధతి క్రమముగ దేశమంతట వ్యాపించి మన కొండలకును వచ్చినది. పెర్రీ అను వైద్యుడు జయపురపు కొండసీమల మలేరియాను గూర్చి 1914వ సంవత్సరమున ఒక నివేదిక ప్రకటించెను. జయపురము అప్పుడు మన చెన్నపురి రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు అటు చేరినది. పిమ్మట బెంగాలు నాగపూరు రైల్వేవారి మలేరియా శాస్త్రజ్ఞుడైన సీనియరు వైటు ఆ కొండలలోనే ఒక యేడు పొడవున దోమలను పట్టి, కోసి, పరీక్షించి, 1937వ సంవత్సరమున ఆ ఫలితములు ప్రకటించెను. కొండవాగులలో పెరుగు ఏ జాతి దోమలు ఈ జ్వరమును మోసికొని వచ్చుచున్నవో అట్లు తేటపడినది. కొండలోని దోమలన్నిటిని ఎవ్వరు పట్టగలరు? పట్టిన కొన్నింటినుండి పట్టని కోట్లాదుల సంగతి చెప్పిరి.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. బల్లను ఎవరిలో చూడవలెను? మితిమీఱిన మలేరియాగల సీమలలో పెద్దలు చిన్ననాటినుండి పలుమాఱు జ్వరపడి బ్రదికి, కొంత ఓర్పు సంపాదింతురు; వారి బల్ల తగ్గును. పెద్దలను మాత్రమే తడవి చూచినచో "ఈ యూరు ఆరోగ్యమైనది" అని వ్రాసికొని రావలసివచ్చును. కాబట్టి 1950వ సంవత్సరమున కంపాలా నగరమున కూడిన మలేరియా సభవారు రెండు మొదలు తొమ్మిది యేండ్ల పిల్లలనే ప్రమాణముగ గైకొనిరి. ఆ పిల్లలలో నూటికి ఏబదిమందికి మించి ఎల్లప్పుడును బల్లయున్నచో ఆ సీమ మహామలేరియా సీమ యనిరి. చూడుడు: ఎంతమందిని చూచితిమనుటకంటె, ఎవరిని చూచితిమనునది ముఖ్యము. ఇది మొదటి పాఠము.

స్వాతంత్ర్యము వచ్చునాటికి మన దేశమున ఏటేట ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చుచుండెననియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953వ సంవత్సరమున జాతీయ మలేరియా నివారణ కార్యక్రమము మొదలయ్యెను. 1965 నాటికి కేసులు లక్షకు దిగెను. 1976 నాటికి మరల అఱువదినాలుగు లక్షలకు ఎక్కెను. 2018వ సంవత్సరమున గిరిజనారోగ్యమును గూర్చి నిపుణులసంఘము ఇచ్చిన నివేదికలో, జనాభాలో నూటికి తొమ్మండుగురైనను లేని గిరిజనులలోనే దేశపు మలేరియా కేసులలో నూటికి ముప్పది వంతులును, మలేరియా మరణములలో సగమును సంభవించుచున్నవని యున్నది. దేశపు సగటును మాత్రము చూచువానికి ఈ సంగతి కనబడదు. సగటు అబద్ధము చెప్పదు. కాని అడుగనిదే నిజము చెప్పదు.

ఇక లెక్కించు విద్య యెట్లు పెరిగినదో చూతము. అందులకై కొంత వెనుకకు పోవలెను. 1920-30 సంవత్సరముల నడుమ ఇటలీదేశమున జీనీ, గాల్వానీ అను ఇద్దఱు పండితులకు ఒక పని తటస్థించెను. జనాభా లెక్కల కాగితములన్నియు దాచుటకు చోటులేక, కొన్నిటిని మాత్రమే నిలుపుకొనవలసి వచ్చెను. వారు దేశములోని 214 విభాగములనుండి, సగటులు దేశపు సగటులకు సరిపోవునట్లు 29 విభాగములను బుద్ధిపూర్వకముగ ఏఱిరి. చూచుటకు ఎంతో తెలివైన పని. కాని తాము సరిచూచుకొన్న కొన్ని విషయములలో తప్ప, తక్కిన విషయములలో ఆ 29యు దేశమును పోలలేదు. 1934వ సంవత్సరమున నేమన్ అను పోలండు గణితవేత్త దీనిని విమర్శించి, "ఇది మంచి నమూనా యని మన బుద్ధితో ఏఱరాదు, దేశమును పొరలుగ విడదీసి, ఒక్కొక్క పొరనుండి చీట్లు వేసి తీయవలెను, అప్పుడే తప్పెంత యుండగలదో లెక్కకట్టవచ్చును" అని నిరూపించెను. మన యూళ్ళలో వాటాలు పంచుకొనునప్పుడు చీట్లు వేయుదుము గదా! చీటికి పక్షపాతము లేదు. అదే యిక్కడి కిటుకు.

ఆ విద్యను మన దేశమున నాటినవాడు ప్రశాంతచంద్ర మహలనోబీసు. ఆయన 1931వ సంవత్సరమున కలకత్తాలో భారతీయ గణాంకశాస్త్ర సంస్థను నెలకొల్పెను; వంగదేశపు జనపనార పంటను నమూనా పద్ధతిని కొలిచెను. ఒకే ప్రదేశమునకు రెండు జట్లను వేఱువేఱుగ పంపి, ఇద్దఱి లెక్కలలో భేదమెంతయో చూచి, లెక్కించువారి తప్పును బయటపెట్టు ఉపాయము ఆయనదే. ఋతుపర్ణుని విద్యకు నలుని పరీక్షను జతచేసినాడన్నమాట. 1943వ సంవత్సరపు వంగదేశపు క్షామము పిదప, ఆ క్షామమువలన ఏ యూళ్ళు ఎంత చితికినవో ఆయనయు ఆయన సహచరులును నమూనా సర్వే చేసి 1946వ సంవత్సరమున ప్రకటించిరి. 1950వ సంవత్సరమున దేశమునకంతటికి జాతీయ నమూనా సర్వే ఏర్పడినది.

ఆ సంస్థకు మన తెలుగువాడొకడు చేరి దాని కీర్తిని లోకమంతట నిలిపెను. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920వ సంవత్సరమున హడగళ్లిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలలోను పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను గణితమభ్యసించినారు. ఉద్యోగమునకై కలకత్తా పోయి, 1941వ సంవత్సరమున మహలనోబీసుగారి సంస్థలో చేరినారు. 1945వ సంవత్సరమున, ఇరువదియైదేండ్ల వయసున, ఒక ముఖ్యమైన సత్యమును నిరూపించిరి. చేతనున్న సమాచారమునుండి ఎంత నేర్పరియైనను పిండగల నిశ్చయమునకు ఒక హద్దు కలదు. ఆ హద్దును దాటి యెవ్వడును పోలేడు. అది స్వీడనుదేశపు పండితుడైన క్రామెరు పేరితోను ఆయన పేరితోను కలిపి ప్రసిద్ధికెక్కినది. 2023వ సంవత్సరమున గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానమును పొంది, ఆ యేడే నూటరెండేండ్ల వయసున పరమపదించిరి. చారెడు బియ్యమును ఎంత నేర్పుతో వండినను ఊరికంతటికి చాలదన్న మాటనే ఆయన గణితమున చెప్పినారని నా బోటివాడు గ్రహించినది. ఈ మాటను మనసున ఉంచుకొనుడు; కొండల సంగతి వచ్చునప్పుడు మరల కావలసివచ్చును.

ఇప్పుడు మన దేశమున జరుగు జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూతము. ఇది 1992-93వ సంవత్సరమున మొదలై, 1998-99, 2005-06, 2015-16, 2019-21 సంవత్సరములలో మరల మరల జరిగినది. అయిదవ సర్వేలో 707 జిల్లాలలో ఆఱులక్షల ముప్పదియాఱువేల యిండ్లను దర్శించిరి. జిల్లాకు సుమారు తొమ్మిదివందల యిండ్లన్నమాట. పద్ధతి యిట్టిది. ముందు జిల్లాను పట్టణముగను పల్లెగను విడదీయుదురు. పల్లెలను మరల ఇండ్ల సంఖ్యనుబట్టియు, హరిజన గిరిజనుల పాలునుబట్టియు పొరలుగ చేయుదురు. ఒక్కొక్క పొరనుండి చీటివేసినట్లు ఊళ్ళను తీయుదురు. ఆ తీయుటలో పెద్దయూరికి అవకాశ మెక్కువ. కాని యెన్నబడిన ప్రతియూరిలోను ఇరువదిరెండిండ్లనే తీసికొందురు గనుక, పెద్దయూరిలోని ఒక్కొక్క యింటికి అవకాశము తగ్గును. ఈ ఎక్కువ తక్కువలు కలిసి, ఒక పొరలోని యిండ్లన్నిటికిని అవకాశము ఇంచుమించు సమమగును.

ఇందు మూడు చిక్కులు కలవు. వానిని విప్పుటయే గణాంకశాస్త్రజ్ఞుల పని.

మొదటిది తూకము. ఉదాహరణకై ఒక కల్పితపు లెక్క చెప్పెదను. ఒక జిల్లాలో నూటికి పదునలుగురు కొండవారు, ఎనుబదియార్గురు మైదానమువారు అనుకొందము. ఇరుప్రక్కల సంగతియు చక్కగ తెలియుటకై చెరి ఏబదిమంది పిల్లలను చూచితిమి. కొండలో ఇరువదిమంది, మైదానమున పదిమంది ఎదుగనివారు కనబడిరి. మొత్తము నూర్గురిలో ముప్పదిమంది. కాబట్టి జిల్లాలో నూటికి ముప్పది యని వ్రాయుదుమా? తప్పు. మైదానపు పిల్లవాడొకడు ఇక్కడ కొండపిల్లవానికంటె ఆఱురెట్లు మందికి ప్రతినిధి. ఎవరెందఱికి ప్రతినిధియో అంత తూకము వేసి కూడినచో జిల్లా సగటు నూటికి ఇంచుమించు ఇరువదిమూడు. తూకము వేయని లెక్క జిల్లాను చెడ్డగ చూపును. కాని తూకము వేసిన లెక్కను మాత్రమే ప్రకటించినచో, కొండలో నూటికి నలువదిమంది ఎదుగని పిల్లలున్నారన్న సత్యము ఇరువదిమూడులో మునిగిపోవును. కావున సగటును సరిగ కట్టవలెను. కట్టిన పిదప విడదీసియు చూపవలెను. రెండును చేయనిదే న్యాయము కాదు.

రెండవది గుంపు. ఒక యూరిలోని ఇరువదిరెండిండ్లవారు ఒకే ఊటనీరు త్రాగుదురు; ఒకే గెడ్డప్రక్క నిదురింతురు; ఒకే సంతలో ఉప్పు కొందురు. ఒకరికి రక్తము తక్కువైనచో పొరుగువారికిని తక్కువై యుండుట సహజము. పంచాయతీలో ఇరువదిరెండుగురు సాక్షులు వచ్చి, అందఱును ఒక్కని నోటనే విన్న మాట చెప్పినచో దానిని ఇరువదిరెండు సాక్ష్యములుగ మీరు గైకొందురా? కొనరు. ఈ పోలికను అంకెలలో పెట్టు మార్గము కలదు. ఒక యూరివారి పోలిక నూటికి అయిదు పాళ్ళే యైనను, ఇరువదిరెండిండ్లు ఇంచుమించు పదునొకండు స్వతంత్రపు టిండ్ల సాక్ష్యమునే యిచ్చును. దీనిని లెక్కలోనికి తీసికొనని పండితుడు తన తప్పును తక్కువచేసి చెప్పుకొన్నవాడగును.

మూడవది అంతరము. నాల్గవ సర్వేలో మన ఆంధ్రరాష్ట్రమున పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో నూటికి 60.0 మందికి రక్తహీనత. అయిదవ సర్వేలో 58.8. "తగ్గినది" అని సంతోషింపవచ్చునా? రాష్ట్రమున ఒక్కొక్కమాఱు సుమారు పదివేలమంది స్త్రీలను చూచిరి. గుంపుల పోలికవలన సాక్ష్యము సగమే యని కొన్నచో, ఒక్కొక్క అంకెకు ఇటును అటును ఒకటిన్నరకు కొంచెము తక్కువ తప్పునకు తావుండును. రెండు అంకెలకును అంతంత తప్పు కలదన్నప్పుడు, వానినడుమ నున్న ఒకటింబావు కంటె తక్కువైన తేడా నిజమో, చీటి చేసిన మాయయో నిశ్చయింపలేము. తగ్గలేదనియు నేను చెప్పుటలేదు. నూటికి అఱువదిమంది తల్లులును కోడండ్రును రక్తము చాలక యున్నారనుట మాత్రము నిశ్చయము. ఆ బాధకు ఏ తప్పులెక్కయు అడ్డురాదు.

ఇప్పుడు కొండలకు మరలుదము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో పాత విశాఖపట్టణము జిల్లా జనులు సుమారు నలువదిమూడు లక్షలు. అందు గిరిజనులు ఆఱులక్షల పైచిలుకు, అనగా నూటికి పదునలుగురు. అల్లూరి సీతారామరాజుగారి పేరిట పాడేరు ముఖ్యస్థానముగ క్రొత్తజిల్లా యేర్పడినది 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన. అయిదవ సర్వే అంతకు ముందే జరిగినది గనుక, విశాఖ నగరపు మేడలును, అనకాపల్లి బెల్లపు తోటలును, అరకు పాడేరు కొండలును ఒకే జిల్లా పేరితో ఒకే అంకెలో కలిసిపోయినవి. జిల్లాకు తొమ్మిదివందల యిండ్లు, ఊరికి ఇరువదిరెండు చొప్పున నలువదియొక్క తావులగును. నూటికి పదునాల్గు వంతున కొండలకు వచ్చునవి ఐదారూళ్ళని అంచనా. ఆ ఐదారూళ్ళలోని నూటముప్పది యిండ్లు, సగము సాక్ష్యపు బలముతో, మొత్తము మన్యమునకు మాటాడవలెను! రాధాకృష్ణారావుగారి హద్దు ఇక్కడ మనకు అడ్డమువచ్చును. ఎంత పాండిత్యమున్నను ఆ కొలదిపాటి యిండ్లనుండి కొండలకు ప్రత్యేకమైన నిశ్చయపు లెక్క తీయజాలము.

ఈ లోటును పెద్దలు గుర్తింపలేదని కాదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థయందు 1972వ సంవత్సరమున వెలసిన పోషకాహార పరిశీలనా విభాగమువారు 1985-87, 1998-99 సంవత్సరములలోను, పిమ్మట మఱియొకమాఱును పలు రాష్ట్రముల గిరిజన ప్రాంతములలో ప్రత్యేకముగ సర్వేలు చేసిరి. వారు ఇంటింట వండుకొను ధాన్యమును తూచి, పిల్లలను కొలిచి వ్రాసికొనిరి. ఆ విభాగము నేడు లేదు. ప్రత్యేకముగ అడిగినప్పుడే కొండ తన సొంత గొంతుకతో మాటాడును. కలిపి అడిగినప్పుడు మైదానపు గొంతుకలో కలిసిపోవును.

ఇక మొదట మాట యిచ్చిన సంగతి. 1991వ సంవత్సరపు జనాభా లెక్కలలో, కొండపాఠశాలలో ఉపాధ్యాయుడనై యున్న నన్ను ఒక ప్రాంతమునకు లెక్కించువానినిగ నియమించిరి. నా కాగితములలో శిఖరముననున్న ఒక చిన్న యూరు కలదు. ఎక్కుటకు సగము దినము పట్టును. నాకు బద్ధకము కలిగినది. సంతనాడు ఆ యూరివారు ఇద్దఱు చింతపండు అమ్మవచ్చిరి. వారిని చెట్టుక్రింద కూర్చుండబెట్టి, ఇండ్లెన్ని, జనులెందఱు అని అడిగి, కాగితము నింపి, పని ముగిసినదని సంతోషించితిని. మరుసటి సంతకు ఆ యూరి వృద్ధుడొకడు కఱ్ఱ యూతగా దిగి వచ్చి, నా బడి గుమ్మమున నిలిచి అడిగెను: "మా గుమ్మం తొక్కకుండా మమ్మల్ని ఎలాగ రాసేసినావు మేష్టరూ? సంతకొచ్చినోడు నడవగలిగినోడు. నడవలేనోడి లెక్క ఎవడు సెప్తాడు?"

నాకు నోట మాట రాలేదు. మరునాడు ఆయనవెంట కొండయెక్కితిని. సంతకు వచ్చిన ఆ యిద్దఱును అబద్ధము చెప్పలేదు. తమ బంధువుల యిండ్లు చెప్పిరి; గెడ్డకావలనున్న మూడిండ్లు వారికి తోచలేదు. ఆ యిండ్లలో నొకదానియందు చూపులేని ముసలమ్మయు, పేరైన పెట్టని ఒక ఆడుశిశువును కనబడిరి. నా మొదటి కాగితమున వారిద్దఱును ఈ లోకముననే లేరు. చూచితిరా, స్థాలీపులాక న్యాయమునకు అడుగున నొక షరతు కలదు. కుండ ఒక్కటే కావలెను, క్రింద మంట ఒక్కటే కావలెను, గరిటె అడుగుదాక పోవలెను. పైనున్న మెతుకును పట్టి అడుగంటిన అన్నమును గూర్చి చెప్పరాదు. నేను తర్కశాస్త్రమున చదివి గ్రహింపలేనిదానిని, అక్షరము రాని ఆ పెద్ద ఒక్క ప్రశ్నలో బోధించెను. కాగితము దిద్దితిని, కాని ఆ సిగ్గు నేటికిని మాఱలేదు.

ఈ తప్పును అరికట్టుటకే కుటుంబారోగ్య సర్వేలో ఒక కఠినమైన నియమమున్నది. చీటిలో వచ్చిన యిల్లు తాళము వేసియున్నచో, ప్రక్కయింటిని దానికి మాఱుగ తీసికొనరాదు. మరల మరల రావలెనేగాని మార్చరాదు. ఏలయన తాళము పడిన యింటివారు పోడునకో, కూలికో, ఆసుపత్రికో పోయినవారు. ఇంట కూర్చున్నవారికంటె వారి స్థితి వేఱు. చివరకు దొరకనివారికై, దొరకినవారి తూకమును కొంచెము పెంచుదురు. అది కొంతవఱకే దిద్దుబాటు. లేనివారు ఉన్నవారివంటివారే యైనప్పుడే అది చెల్లును.

కాబట్టి గ్రామపెద్దలైన మీకు నాలుగు మాటలు విన్నవించుకొనుచున్నాను. సర్వేవారు మీ యూరికి వచ్చి ఇండ్లపట్టిక వ్రాయునప్పుడు, గెడ్డకావలి యిండ్లను, ఊరిచివరి గుడిసెలను మీరే దగ్గఱుండి చూపుడు. చీటిలో ఒక బీదయిల్లు వచ్చినప్పుడు, "అక్కడేమున్నది, మా యింటికి రండు" అని మర్యాదకొఱకు పిలువకుడు. ఆ మర్యాద లెక్కకు విషము. బిడ్డ చనిపోయిన సంగతిని, కాన్పు చెడిన సంగతిని దాచవలదని నచ్చజెప్పుడు. రక్తపుబొట్టు ఇచ్చుటయు, ఇయ్యకుండుటయు మాత్రము ఎవరికి వారి యిష్టము, ఎవ్వరిని బలవంతపెట్టరాదు. ఇక నాల్గవది. ఎవరైన ఒక అంకె తెచ్చి మీ జిల్లా ఇట్లున్నదని చెప్పినప్పుడు, మూడు ప్రశ్నలు అడుగుడు: ఎన్నియూళ్ళు చూచితిరి? మా కొండలలో ఎన్ని? తప్పునకు తావెంత? ఈ మూడింటికి జవాబు చెప్పగల అంకెను గౌరవింపుడు. చెప్పలేని అంకెను దూరమున నుంచుడు.

డెంప్స్టరు చేతితో తడవి చూచెను. మహలనోబీసు రెండు జట్లను పంపి చూచెను. రాధాకృష్ణారావుగారు హద్దును కనుగొని చూపిరి. వారందఱి విద్యకును మూలము ఒక్కటే: చూడని వానిని గూర్చి చెప్పునప్పుడు భయముండవలెను. ఆ భయమే శాస్త్రము. గరిటె కుండ అడుగుదాక పోయినదా యని అడుగు ఒక్క మనుష్యుడు ఊరికి ఉన్నను, గెడ్డకావలి ముసలమ్మయు, పేరుపెట్టని ఆ శిశువును లెక్కలోనికి వత్తురు. లెక్కలోనికి వచ్చినవారి యింటికే వైద్యుని దారి పడును.